ఎనిమిది ఖాళీ గడులు

కోర్టు నకళ్ళ విభాగంలో ఉన్నది ఉన్నట్టు దించడమే పని. అసలు కాగితంలో అక్షరం తప్పుంటే నకలులోనూ ఆ తప్పు ఉండాలి. కామా లేకపోతే పెట్టకూడదు, ఎక్కువైతే తీయకూడదు. మక్కికి మక్కి. ఇరవై రెండేళ్ళుగా ఆ పని చేస్తున్న టైపమ్మ కాగితాన్ని వెనక్కి పంపిన అధికారి లేడు. టైపమ్మ అన్నది కోర్టువాళ్ళు పెట్టిన పేరు. ఇంట్లో అన్నయ్య దాన్ని ఇంకాస్త కత్తిరించి టైపూ అని పిలిచేవాడు.

అన్నాచెల్లెళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు అచ్చిరాలేదు. అతని భార్య పోయింది. ఆమె భర్త వెళ్ళిపోయాడు. పోవడానికీ వెళ్ళిపోవడానికీ తేడా ఉందని అన్నయ్య కొత్తగా పరిచయమైనవాళ్ళకు విడమరిచి చెప్పేవాడు, ఆమె ఎదుటే. పదకొండేళ్ళుగా ఇద్దరూ ఒక మేడలో మూడో అంతస్తున రెండు గదుల్లో ఉంటున్నారు. లిఫ్టు లేదు. మెట్లు యాభై నాలుగు, పద్దెనిమిదికొక మలుపు. మూడో మలుపు సరిగ్గా వాళ్ళ తలుపు ముందు.

అన్నయ్య నూలుమిల్లులో దూది ఏకే యంత్రాల దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. ఏకై వచ్చి మేకై కూర్చుందంటారు. అతని విషయంలో అది సామెత కాదు, డాక్టరు రాసిచ్చిన కాగితం. ఊపిరితిత్తుల్లో దూది నుసి పేరుకుంది. మిల్లు మానేసిన ఏడాదికే పిల్లనగ్రోవి కూడా మానేశాడు. ఊదితే స్వరం కన్నా గాలి ఎక్కువ వస్తోందన్నాడు. దాన్ని గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టి, పిల్లలు లెక్కలు చేసుకునే గళ్ళ పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు.

అప్పటినుంచి పాటలు అందులో రాసేవాడు. మాటల్లేని పాటలు, తను కట్టినవి. మిల్లులో భోజనం బెల్లు మోగాక గోడౌను వెనక ఊదుకున్నవి కొన్ని, మంచం మీద కూర్చుని కట్టినవి కొన్ని. రాసే పద్ధతి కూడా తనదే. ఒక గడి ఒక దెబ్బ. గడిలో స, రి, గ, మ ఏదుంటే అది పలకాలి. పక్క గడిలో అడ్డగీత ఉంటే అదే స్వరాన్ని సాగదీయాలి. గడి ఖాళీగా ఉంటే నోరు మూసుకోవాలి. "ఆ మూడోది నీకు వచ్చిన విద్యేనే" అన్నాడు చెల్లెలితో. బళ్ళో పాటల మాస్టారు ఆమెను పెదవులు మాత్రం కదపమన్న సంగతి ఆ ఇంట్లో పాతబడని హాస్యం. స్వరానికీ స్వరానికీ తేడా ఆమెకు తెలియదు.

అన్నయ్య రాత కోడిగీతలు. అతనూ ఆమే తప్ప ఇంకొకరు చదవలేరు. టైపమ్మ వాటిని దించి పాటల గోడకు పంపేది. రిటైరైన ఒక పంతులమ్మ కంప్యూటరులో నడిపే చోటది. సొంతంగా పాటలు కట్టుకునేవాళ్ళు అక్కడ అక్షరాల్లో రాసి పెడతారు, మిగతావాళ్ళు చూసి నేర్చుకుంటారు. ధ్వని పంపకూడదు. వింటే అనుకరిస్తారు, చదివితే వాయిస్తారని పంతులమ్మ సిద్ధాంతం. నాలుగేళ్ళలో టైపమ్మ అరవై ఒక్క పాటలు పంపింది. స ఉన్నచోట స కొట్టింది. గీత ఉన్నచోట గీత కొట్టింది. గడి ఖాళీగా ఉన్నచోట అక్షరం కొట్టకుండా జాగా వదిలింది, ఎన్ని గడులుంటే అన్ని జాగాలు.

గోడ మీద అన్నయ్యకు పేరొచ్చింది. అతన్ని రైలుబండి అనేవారు. కొత్త పాట పెట్టగానే ఎవరో ఒకరు, రైలుబండి వస్తోంది, ఊపిరి బిగబట్టుకోండి అని రాసేవారు. మొదటిసారి ఆమె అది చదివి వినిపించినప్పుడు అన్నయ్య తన ఆయాసం సంగతి వాళ్ళకెవరు చెప్పారని అడిగాడు. తను చెప్పలేదంది. అయితే పాటలో తెలిసిపోతోంది కాబోలునన్నాడు. బండిలా రొప్పుతాడు కాబట్టి రైలుబండి. కొన్నాళ్ళకు ఆ పేరుకు అలవాటుపడ్డాడు. మొహం చూడనివాళ్ళు కూడా తన ఊపిరిని పోల్చుకున్నారని ఒకరోజు పక్కింటాయనతో చెప్పుకున్నాడు.

ఈ ఏడాది వానలు మొదలయ్యాక ఆస్పత్రివాళ్ళు అతన్ని పన్నెండు రోజులు ఉంచుకున్నారు. ఆక్సిజన్ యంత్రం ఒకటి పెట్టించి ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఎన్నాళ్ళని ఆమె అడిగింది. వారాల్లో అనుకోండి, నెలల్లో కాదు అన్నాడు డాక్టరు. ఇద్దరు మనుషులు అన్నయ్యను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లమీదుగా మోసుకొచ్చారు. యాభై నాలుగు మెట్లూ ఎక్కడా ఆగకుండా ఎక్కడం ఇదే మొదటిసారని అతను వాళ్ళకు చెప్పాడు.

మూడోరోజు కోరిక చెప్పాడు.

"నలభై ఒకటో పాట ఒక్కసారి వినాలని ఉందే టైపూ. ఇంకొకళ్ళ నోటితో."

"నీ పాట నువ్వు వినకపోవడమేమిటి అన్నయ్యా?"

"నేను ఊదుకుంటే అది ఊదడం. వినడం వేరు. నేను కట్టినవి ఒక్కటీ వినలేదు."

నలభై ఒకటి మెట్ల పాట. మిల్లు నుంచి వచ్చి ఇంటి మెట్లెక్కే పాట. ఆ సాయంత్రం టైపమ్మ గోడమీద మొదటిసారి తన మాటలు రాసింది. రైలుబండికి బాగాలేదు, ఈ ఊళ్ళో ఎవరైనా ఉంటే వచ్చి నలభై ఒకటి వాయిస్తారా అని. మర్నాటికి ఒక లిఫ్టు మేస్త్రి జవాబిచ్చాడు. ఊరి అవతలి చివర ఉంటాడట.

ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. యాభై దాటిన మనిషి. లిఫ్టు మేస్త్రిని మెట్లెక్కించిన ఘనత మీదేనంటూ గుమ్మంలో చెప్పులు విడిచాడు. పాటను ముద్రించి తెచ్చుకున్నాడు గానీ దాని అవసరం లేదన్నాడు, కంఠతా వచ్చు. తన మనుషులు సామాను మెట్లమీదుగా పైకి చేరేసేటప్పుడు అందరూ ఇదే ఈల వేస్తారని చెప్పాడు. అన్నయ్య దిండు ఎత్తు చేయించుకున్నాడు. కళ్ళు మూసుకుని, దెబ్బలు లెక్కపెట్టుకోవడానికి చూపుడువేలు దుప్పటి మీద ఆనించాడు.

మేస్త్రి సంచీలోంచి పిల్లనగ్రోవి తీసి వాయించాడు. అది బాగుందో లేదో టైపమ్మకు తెలియదు కాబట్టి ఆమె అన్నయ్య వేలు చూస్తూ కూర్చుంది. వేలు కొంతసేపు కొట్టింది. తడబడింది. మళ్ళీ అందుకుంది. ఆగిపోయింది. పాట ఇంకా నడుస్తుండగానే అన్నయ్య గోడవైపు తిరిగాడు.

"ఎవరో కుర్రాడు మెట్లెక్కాడు" అన్నాడు. "ఎక్కింది నేను కాదు."

మేస్త్రి మొహం మాడింది. కాగితంలో ఉన్నదే వాయించానని, ఒక్క స్వరం జారలేదని అన్నాడు.

"జారలేదు బాబూ. బాగా వాయించావు" అన్నాడు అన్నయ్య, గోడవైపు చూస్తూనే. "అది నాది కాదు, అంతే."

మేస్త్రి టీకి కూడా ఆగలేదు. కాగితం బల్లమీదే వదిలేసి వెళ్ళాడు. టైపమ్మ రెండు రకాలుగా ఆలోచించింది. ఆక్సిజన్ తగ్గితే మతి తప్పుతుందని డాక్టరు ముందే చెప్పాడు, అన్నయ్యకు అది మొదలై ఉండాలి. కాకపోతే మేస్త్రికి వాయించడం సరిగా రాకపోయుండాలి. మూడో రకం ఆమెకు తట్టలేదు. ఇరవై రెండేళ్ళలో తట్టాల్సిన అవసరం రాలేదు.

విభాగంలో ఏ నకలైనా బయటికి వెళ్ళేముందు ఇద్దరు కూర్చుని సరిచూస్తారు. ఒకరు నకలు పైకి చదువుతారు, ఇంకొకరు అసలు మీద వేలు పెట్టుకుని వెంట నడుస్తారు. సోమవారం భోజనాల వేళ టైపమ్మ పక్కబల్ల ఆవిడను కూర్చోబెట్టి మేస్త్రి కాగితం చేతికిచ్చింది. గళ్ళ పుస్తకం తన ముందు పెట్టుకుంది. పక్కబల్ల ఆవిడ దస్తావేజు చదివినట్టే చదివింది. స, స, రి, గీత, గ, గ, మ, గీత. మధ్యలో తల ఎత్తి, ఈ ఆస్తికి తూర్పు హద్దు ఎవరిదమ్మా అని అడిగి మళ్ళీ అందుకుంది.

మొదటి వరుసలో అక్షరాలన్నీ కలిశాయి. రెండో వరుస చివర టైపమ్మ వేలు ఇంకా ఖాళీ గడుల మీద ఉండగానే పక్కబల్ల ఆవిడ మూడో వరుసలోకి వెళ్ళిపోయింది.

"ఆగు. ఇక్కడ రెండు ఖాళీలున్నాయి."

"నా దాంట్లో లేవు."

"నాలుగో వరుస చివర చూడు. నాలుగుండాలి."

"ఒక్కటీ లేదు. అక్షరాల మీద అక్షరాలు ఎక్కి కూర్చున్నాయి, పొద్దుటి బస్సులోలాగా."

ఆరో వరుసలో, చివరి రెండు స్వరాలకు ముందు, పుస్తకంలో ఎనిమిది ఖాళీ గడులున్నాయి. కాగితంలో ఒక్క జాగా ఉంది, మాటకూ మాటకూ మధ్య వదిలేటంత.

టైపమ్మ తన బల్ల దగ్గరికి వెళ్ళి పాటల గోడ తెరిచింది. పైన 'రాసే పద్ధతి' అని ఒక పేజీ ఉంది. నాలుగేళ్ళుగా అక్కడే ఉంది. స్వరాల గొడవ తనకెందుకని ఆమె ఎప్పుడూ తెరవలేదు. పదకొండు నియమాలు. ఏడోది: ఆగాల్సిన చోట సున్న పెట్టండి. ఖాళీ వదిలితే కంప్యూటరు మింగేస్తుంది, ఎన్ని వదిలినా ఒక్కటే మిగులుస్తుంది.

రెండుసార్లు చదివింది. ఆమె ఖాళీని ఖాళీగానే దించింది. ఉన్నది ఉన్నట్టు. అరవై ఒక్క పాటలూ అలాగే వెళ్ళాయి. ఊపిరాడని మనిషి ఊపిరి కోసం ఆగిన చోట్లన్నీ తీసేసి ఊళ్ళమీదికి పంపింది. వాళ్ళు రైలుబండి అన్నది రొప్పుతాడని కాదు. ఎక్కడా ఆగడని.

అన్నయ్యకు చెప్పాలనుకునే ఆ సాయంత్రం మెట్లెక్కింది. ఆమె చెప్పులు విప్పేలోపే అతను, పాపం ఆ మేస్త్రి మనసు కష్టపెట్టాను అన్నాడు. ఆమె నోటివెంట ఇంకో మాట వచ్చింది. మేస్త్రి ఒకటి రెండు చోట్ల తప్పు చదివాడట, మళ్ళీ వచ్చి వాయిస్తానన్నాడు అంది. "అదా సంగతి" అన్నాడు అన్నయ్య. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఆమె మెట్ల పాటను పుస్తకంలోంచి మళ్ళీ దించి, ఖాళీ గడులకు సున్నలు పెట్టి, తప్పు నాది అని పైన రాసి గోడకు పంపింది. మర్నాటికి జవాబులొచ్చాయి. రైలుబండికి ఇన్ని స్టేషన్లెందుకని ఒకరు. మా పిల్లలు ఈ పాటకే తాడాట ఆడతారు, మధ్యలో ఆగితే తాడు కాళ్ళకు చుట్టుకుంటుందని ఇంకొకరు. పంతులమ్మ మర్యాదగానే రాసింది. పాత వరుస అందరి నోళ్ళలో పడింది కాబట్టి దాన్ని తీయలేనని, కొత్తదాన్ని దాని అడుగున పాఠాంతరంగా ఉంచుతానని. నకలు పైన, అసలు అడుగున. కోర్టులో అలా జరిగితే ఉద్యోగం ఊడేది.

మేస్త్రికి ఆమే ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది. ఇంట్లో ఆడిన అబద్ధం కూడా చెప్పింది.

"అంటే నేను తప్పు చదివానన్నారు."

"అన్నాను."

"సర్లెండి అక్కా. ఆదివారం దాకా ఎందుకు, గురువారం పొద్దున్నే వస్తాను."

గురువారం తొమ్మిదింటికి వచ్చాడు. అన్నయ్యకు అప్పటికే మాట తగ్గింది. మేస్త్రిని చూసి, కళ్ళజోడు మార్చావా అని అడిగాడు. మేస్త్రి ఆమెవైపు ఒకసారి చూశాడు.

"మార్చాలండీ అన్నగారూ. ఒకటి రెండు కాదు, చాలా చోట్ల తప్పు చదివాను."

ఈసారి కాగితం ఎదురుగా పెట్టుకుని వాయించాడు. మొదటి మలుపులో రెండు దెబ్బలు ఆగాడు. గదిలో ఆక్సిజన్ యంత్రం ఒక్కటే మోగింది. అన్నయ్య వేలు దుప్పటి మీద రెండుసార్లు కొట్టింది. రెండో మలుపులో నాలుగు. మేస్త్రికి ఆగడం అలవాటు లేదు, పిల్లనగ్రోవి పెదవుల దగ్గరే పట్టుకుని కిటికీవైపు చూశాడు. మూడో మలుపులో ఇంకా ఎక్కువసేపు ఆగాడు. తరవాత చివరి రెండు స్వరాలు, తలుపు కొట్టినట్టు.

అన్నయ్య కళ్ళు తెరిచాడు. "ఎక్కింది నేనే" అన్నాడు. కొంత ఊపిరి తీసుకుని, "పైన ఒకటి తగ్గింది. ఏడే ఆగావు" అన్నాడు.

మేస్త్రి మళ్ళీ కళ్ళజోడు మాట ఎత్తబోయాడు. టైపమ్మ కాగితం అందుకుని సున్నలు లెక్కపెట్టింది. ఏడు. పుస్తకంలో ఎనిమిది. ఇరవై రెండేళ్ళలో ఆమె కొట్టిన మొదటి తప్పు, తప్పును దిద్దబోయి కొట్టింది.

"ఆయన తప్పేం లేదు అన్నయ్యా. ఇప్పుడూ లేదు, అప్పుడూ లేదు" అంది. అంతా చెప్పింది. మేస్త్రి పిల్లనగ్రోవిని తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు.

"అరవై ఒక్కటీనా?"

"అరవై ఒక్కటీ."

"అయితే రైలుబండి అన్నది..."

"ఆగవని."

యంత్రం సీసాలో నీళ్ళు బుడబుడమన్నాయి.

"నన్ను పోల్చుకున్నారనుకున్నానే" అన్నాడు.

ఆమె మిగతా మలుపుల్లో రెండూ నాలుగూ అయితే పైన ఎనిమిదెందుకని అడిగింది.

"తలుపు కొట్టేముందు నిలబడేవాణ్ణి. ఆయాసం తీరేదాకా. నువ్వు చూస్తే మిల్లు మాన్పిస్తావని."

"మాన్పించేదాన్నే."

"అందుకే ఎనిమిది."

ఆమె పెన్నుతో ఎనిమిదో సున్న రాసి కాగితం మేస్త్రి ముందు పెట్టింది. అతను మళ్ళీ మొదలుపెట్టాడు. రెండో మలుపు దగ్గర అన్నయ్యకు దగ్గు తెర వచ్చింది. మేస్త్రి నాలుగు దెబ్బలు ఆగాడు, ఇంకో నాలుగు ఆగాడు, ఆపైన పిల్లనగ్రోవిని సంచీలో పెట్టేశాడు. మళ్ళీ వస్తానన్నాడు. అన్నయ్య చెయ్యెత్తి సరేనన్నాడు. మరుసటి మంగళవారం పోయాడు. ఎనిమిదితో వినలేదు.

టైపమ్మ రోజుకు మూడు పాటల చొప్పున దించడం మొదలుపెట్టింది. అతను పోయేనాటికి పదిహేను అయ్యాయి. మిగతావి తరవాతి నెలలో పూర్తిచేసింది. ప్రతిదాన్నీ పక్కబల్ల ఆవిడ పైకి చదివింది, సున్నలతో సహా. హద్దుల గురించి మళ్ళీ అడగలేదు. పంతులమ్మ వాటిని ఒక్కొక్క పాట అడుగున ఉంచింది. ఏ పేజీని ఎంతమంది తెరిచారో పక్కన అంకె కనిపిస్తుంది. చాలావాటికి అది ఒకటి. ఆ ఒక్కరూ మేస్త్రి అయ్యుంటాడని ఆమె అనుకుంది.

చలికాలంలో కోర్టు భవనానికి లిఫ్టు పెట్టడం మొదలైంది. మేస్త్రి మనుషులు కారు, వేరేవాళ్ళు. ఒకరోజు పొద్దున టైపమ్మ మెట్లెక్కుతుంటే ఇద్దరు మనుషులు ఇనుప కమ్మీలు భుజాన పెట్టుకుని వెనకనుంచి వచ్చారు. ముందు నడుస్తున్నవాడు ఈల వేస్తున్నాడు. ఆమెకు స్వరాలు తెలియవు. పోల్చుకుంది మాత్రం.

"ఆ పాట ఎక్కడిది?" అని అడిగింది.

"ఏమోనమ్మా, అందరూ వేస్తారు. బరువు తెలీదు" అన్నాడతను. దారిమ్మని చెప్పి, మొదటి మలుపు దాటి, రెండో మలుపు దాటి, ఈల తెగకుండానే పైకి వెళ్ళిపోయాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. మొదటి మలుపులో రెండు లెక్కపెట్టింది. రెండో మలుపులో నాలుగు. అప్పటికి పైన పాట అయిపోయి, కమ్మీలు కిందపడేసిన చప్పుడు వినిపించింది.

నకళ్ళ విభాగం మూడో అంతస్తులో ఉంది. ఆమె తలుపు ముందు ఆగింది. పక్కబల్ల ఆవిడ లోపలినుంచి చూసి, ఏం టైపమ్మా, గుమ్మంలో నిలబడిపోయావేం, లోపలికి రావా అంది.

టైపమ్మ చెయ్యెత్తి ఆగమంది. ఇంకా మూడు గడులున్నాయి.